కామిక్ దారి విడిచిన సినిమాను వెనకేసుకు రావచ్చా?

క్లుప్తంగా: కామిక్ నుంచి పేరు, కొన్ని పాత్రలు తీసుకుని మిగతాదంతా మార్చేసిన సినిమాల మీద వాదన ఎప్పుడూ "మూలానికి ఎంత దగ్గరగా ఉంది" అన్న చోటే ఆగిపోతుంది. ఆ కొలతతో పెద్దగా తేలేదేమీ ఉండదు. తీసేసిన భాగం కామిక్‌లో ఏ పని చేసేది, దాని చోట పెట్టింది సినిమాలో ఏ పని చేస్తోంది అని చూడటం మేలు. 2005లో వచ్చిన 'కాన్‌స్టంటీన్' ఈ పరీక్షలో ముఖ్యమైన చోట నెగ్గుతుంది. ఓడిన చోట మాత్రం గట్టిగానే ఓడుతుంది.

## లండన్ మంత్రగాడు లాస్ ఏంజెలెస్‌కు ఎలా చేరాడు

జాన్ కాన్‌స్టంటీన్ పాత్ర 1985లో 'స్వాంప్ థింగ్' అనే అమెరికన్ కామిక్‌లో పుట్టింది. రచయిత అలన్ మూర్, చిత్రకారులు స్టీఫెన్ బిసెట్, జాన్ టోటల్‌బెన్. గాయకుడు స్టింగ్ పోలికలతో ఒక మనిషిని గీయాలన్న చిత్రకారుల సరదా నుంచి వచ్చిన పాత్ర ఇది. 1988లో 'హెల్‌బ్లేజర్' పేరుతో ఆ పాత్రకు సొంత మాసపత్రిక మొదలైంది. జేమీ డెలానో రాసిన తొలి సంచికల్లోనే వాతావరణం స్థిరపడింది. లివర్‌పూల్‌కు చెందిన శ్రామిక కుటుంబంలో పుట్టినవాడు, లండన్‌లో బతుకుతున్నవాడు, బంగారు రంగు జుట్టు, నలిగిన ట్రెంచ్ కోటు, వేళ్ల మధ్య ఎప్పుడూ సిగరెట్. మంత్రాలు తెలిసినా ఎక్కువగా మాటకారితనం, మోసం, తెగింపులతోనే నెట్టుకొస్తాడు. మూడో సంచికలో, బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ మళ్లీ గెలిచిన 1987 ఎన్నికల వేళ, ఆత్మలను షేర్లలా కొని అమ్మే దయ్యాలు కనిపిస్తాయి. ఇది దయ్యాల కథే అయినా రాజకీయ వ్యాఖ్య కూడా అని పాఠకులకు అక్కడే అర్థమైపోయింది.

సినిమాలో వీటిలో చాలా భాగం లేదు. ఫ్రాన్సిస్ లారెన్స్‌కు దర్శకుడిగా అది తొలి చిత్రం. కథ లాస్ ఏంజెలెస్‌కు మారింది. కియాను రీవ్స్ నల్లజుట్టుతో, నల్లకోటుతో, అమెరికన్ యాసతో కనిపించాడు. కామిక్‌లో కథానాయకుడి ఈడువాడైన టాక్సీ డ్రైవర్ చాస్, సినిమాలో గురువు వెంట తిరిగే కుర్ర శిష్యుడైపోయాడు. సిలువ ఆకారంలో ఒక తుపాకీ కూడా వచ్చి చేరింది. పత్రిక చదివినవాళ్లు మండిపడ్డారు, విమర్శకులు పెదవి విరిచారు, ప్రపంచవ్యాప్తంగా మాత్రం సుమారు 23 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. ఏళ్లు గడిచేకొద్దీ సినిమాకు విడిగా అభిమానులు పెరిగారు. 2022 సెప్టెంబరులో అదే దర్శకుడు, అదే నటుడితో సీక్వెల్ తీస్తామని వార్నర్ బ్రదర్స్ ప్రకటించడంతో పాత తగువు మళ్లీ మొదటికొచ్చింది.

## మూలం అంటే ఏది?

మూలానికి కట్టుబడాలి అన్నప్పుడు మూలం ఒక్కటే ఉందని అనుకుంటాం. పాతిక సంవత్సరాల్లో 300 సంచికలు నడిచి 2013లో ముగిసిన 'హెల్‌బ్లేజర్' విషయంలో ఆ అంచనా నిలవదు. డెలానో రాసిన కాన్‌స్టంటీన్‌కు, గార్త్ ఎనిస్ రాసిన కాన్‌స్టంటీన్‌కు మధ్య స్వభావంలోనే తేడా ఉంది. ఒకరిది రాజకీయ భయానకం, ఇంకొకరిది స్నేహాలు, తాగుడు, మొండితనం కలిసిన కథ. 2000లో రాత బాధ్యత తీసుకున్న బ్రయాన్ అజరెల్లో అయితే అతణ్ని ఏకంగా అమెరికా జైల్లో పడేశాడు. సినిమా కంటే ఐదేళ్ల ముందే కామిక్ అట్లాంటిక్ దాటిందన్న సంగతి వాదనల్లో ఎందుకో పెద్దగా వినిపించదు.

ఇంకో చిక్కు నిడివి. రెండు గంటల సినిమాలో వందల సంచికలు పట్టవు, కాబట్టి అతి విధేయుడైన దర్శకుడు కూడా ఏదో ఒక కథనే ఎంచుకోవాలి. అలా ఎంచుకున్నాడంటే మిగతావి వదిలేసినట్టే. డబ్బు లెక్క కూడా ఒకవైపే మొగ్గుతుంది. పెద్ద బడ్జెట్ సినిమా ఖర్చు తిరిగి రావాలంటే టికెట్ కొనేవారిలో అత్యధికులు ఆ పత్రిక ముఖం కూడా చూడనివాళ్లై ఉండాలి. నిర్మాణ సంస్థ కొంటున్నది ఒక పేరును, ఒక ఆకారాన్ని, అమ్మడానికి తేలికైన ఒక ఊహను. పాఠకుడు ప్రేమించేది సంచికల మధ్య పేరుకున్న జ్ఞాపకాన్ని. ఒకే హక్కుల పత్రం మీద ఈ ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువులను చూస్తున్నారు. తగువు సగం అక్కడే పుడుతుంది.

మాధ్యమాల తేడా సంగతి అందరూ చెప్పేదే. పేజీ మీద ఎంతసేపు ఆగాలో చదివేవాడి ఇష్టం, తెర మీద ఆ పగ్గం ఎడిటర్ చేతిలో ఉంటుంది.

## ఒకే ఎత్తుగడ, రెండు లెక్కలు

సినిమాకు ఆధారం 1991లో ఎనిస్ రాసిన కథ. అందులో కాన్‌స్టంటీన్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. చస్తే నరకం ఖాయం, ఎందుకంటే నరకపు అధిపతుల్లో ఒకణ్ని అతను ఘోరంగా అవమానించాడు. నరకాన్ని ఏలేది ముగ్గురు. మిగతా ఇద్దరికీ, ఒకరికి తెలియకుండా ఒకరికి, తన ఆత్మను అమ్మేసి చావుకు తానే తలుపు తీస్తాడు. ముగ్గురూ హక్కుదారులుగా వచ్చి నిలబడతారు. ఎవరు తీసుకెళ్లినా నరకంలో అంతర్యుద్ధం, దాంతో స్వర్గానికి లాభం. అతను చావకుండా ఉండటం తప్ప వాళ్లకు దారి లేదు. తిట్టుకుంటూనే జబ్బు నయం చేస్తారు, అతను వెక్కిరింపుగా మధ్యవేలు చూపించి వెళ్లిపోతాడు.

సినిమాలో ముగ్గురు లేరు, ఒక్క లూసిఫరే. ఆత్మ అమ్మకమూ లేదు. కథానాయకుడు కుర్రతనంలో ఆత్మహత్యకు ప్రయత్నించి రెండు నిమిషాలు చచ్చి బతికాడు. ఆ పాపానికి నరకం రాసిపెట్టి ఉంది. దయ్యాలను వెనక్కి పంపిస్తూ స్వర్గంలో చోటు సంపాదించాలని చూస్తుంటాడు. అదంతా తన కోసం చేస్తున్నది కాబట్టి చెల్లదని దేవదూత గాబ్రియేల్ ముఖం మీదే చెప్పేస్తుంది. చివర్లో అతను చావును కొని తెచ్చుకుంటే, అతని ఆత్మను స్వయంగా తీసుకుపోవడానికి లూసిఫర్ వస్తాడు. తన కొడుకే తనకు వ్యతిరేకంగా పన్నిన కుట్ర సంగతి కాన్‌స్టంటీన్ నోట విని, దాన్ని ఆపి, బదులుగా ఏం కావాలో కోరుకోమంటాడు. అతను తన ప్రాణం అడగడు. ఆత్మహత్య చేసుకుని నరకంలో పడిన మరో మహిళకు విముక్తి అడుగుతాడు. ఆ త్యాగంతో స్వర్గ ద్వారం తెరుచుకుంటుంది. దొరికిన వేట పైకి పోతుంటే ఓర్వలేక లూసిఫర్ స్వయంగా అతని ఛాతీలోంచి క్యాన్సర్‌ను లాగేస్తాడు, బతికితే మళ్లీ పాపం చేస్తాడన్న ఆశతో. పైకి తేలుతున్నవాడు వేలు చూపించడం ఇక్కడా ఉంది.

పాత్రలు మారాయి, కారణాలు మారాయి, దేవుడి లెక్క మారింది. యంత్రం మాత్రం అదే: శత్రువు అహంకారాన్నే వాడుకుని, శత్రువు చేతే తన ప్రాణం కాపాడించుకోవడం. ఎనిస్ కథను వేరుగా నిలబెట్టింది ఈ యంత్రమే కాబట్టి సినిమా వెన్నెముకను పట్టుకుందనే చెప్పాలి.

మారిన భాగాన్ని ఇంకాస్త తరచి చూస్తే అసలు తేడా కనిపిస్తుంది. కామిక్‌లో కాన్‌స్టంటీన్‌ను వెంటాడేది ఇతరుల విషయంలో చేసిన తప్పు. కుర్రతనపు గర్వంతో న్యూకాజిల్‌లో చేసిన ఒక తంతు బెడిసి, ఆస్ట్రా అనే చిన్నపిల్ల నరకం పాలైంది. ఆ తర్వాత కూడా అతనికి దగ్గరైనవాళ్లు ఒక్కొక్కరే చస్తుంటారు, వాళ్ల దయ్యాలు అతని చుట్టూ తిరుగుతుంటాయి. సినిమా ఆ అపరాధాన్ని తీసేసి తన మీద తానే చేసుకున్న పాపాన్ని పెట్టింది. ఇది చిన్న మార్పేమీ కాదు. పాత్ర చీకటి కొంత తగ్గింది, మతం పాలు పెరిగింది. అయితే పెట్టినదాన్ని సినిమా గాలికి వదిలేయలేదు. స్వార్థంతో చేసిన పుణ్యం చెల్లదని మొదట చెప్పిన నియమమే పతాక సన్నివేశానికి తాళంచెవి అయింది. ఒక భాగం తీసి, దాని చోట బరువు మోసే మరో భాగం పెట్టడం అంటే ఇదే. స్వేచ్ఛగా చేసిన అనుసరణను సమర్థించడానికి ఇంతకంటే గట్టి ఆధారం దొరకదు.

## తీసేశారు, ఏమీ పెట్టలేదు

అన్ని మార్పులకూ ఇదే మాట చెప్పలేం.

ఊరి మార్పుతో కొంత లాభం ఉంది. ఈ సినిమాలో నరకం అంటే అదే లాస్ ఏంజెలెస్, కాలిపోతున్న ఫ్రీవే, తుక్కైన కార్లు, అణుబాంబు పేలినట్టు ఎప్పటికీ ఆగని గాలి. ఈ ఊరినీ ఆ నరకాన్నీ ఒకే చోట ఒకదాని మీద ఒకటి పరిచినట్టు చూపించారు కాబట్టి, చిత్రీకరణ సౌకర్యం కోసమే ఊరు మార్చారని కొట్టిపారేయడం అన్యాయం. కానీ లండన్‌తో పాటు వర్గ స్పృహ కూడా వెళ్లిపోయింది. అధికారం ఉన్నవాళ్లను, అది దేవుడిదైనా ప్రభుత్వానిదైనా, లెక్కచేయని పేదింటి కుర్రాడి పొగరు కామిక్ కాన్‌స్టంటీన్‌కు ఊపిరి. సినిమాలో అతనికి పొగరు ఉంది, దాని పుట్టుక లేదు. ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు. అందుకే కొన్ని సన్నివేశాల్లో అతను విసుగెత్తిన డిటెక్టివ్‌లా మాత్రమే మిగిలిపోతాడు.

చాస్ మార్పుకు సమర్థనే లేదు. కామిక్‌లో చాస్ పాత స్నేహితుడు, పెళ్లాంబిడ్డలున్నవాడు. అతన్ని ప్రమాదంలోకి లాగిన ప్రతిసారీ కాన్‌స్టంటీన్ స్వార్థానికి ఒక కొలత దొరికేది. సినిమాలోని కుర్రాడు నవ్వించడానికి, చివర్లో చావడానికి ఉన్నాడు. ఇక ఆ తుపాకీ! మాటతో గెలిచేవాడి చేతిలో ఆయుధం పెట్టడం అంటే పాత్రను ఆసక్తికరంగా చేసిన లోటును తీర్చేయడమే. ట్రైలర్‌కు పనికొచ్చింది, కథకు కాదు.

## దగ్గరగా ఉన్నా గ్యారంటీ లేదు

సినిమా మీద కోపం తీర్చే ప్రయత్నం 2014లో జరిగింది. ఎన్‌బీసీ చానల్ సీరియల్‌లో మాట్ ర్యాన్ బంగారు రంగు జుట్టుతో, బ్రిటిష్ యాసతో, గోధుమరంగు కోటుతో దిగాడు. పోలికలో, నడకలో కామిక్ నుంచి లేచి వచ్చినట్టే ఉన్నాడని పాఠకులు సంబరపడ్డారు. సీరియల్ 13 ఎపిసోడ్లతో ఆగింది. ఈ పాత్రకు ప్రాణమైన సిగరెట్‌ను ఆ చానల్ స్వేచ్ఛగా చూపించలేకపోయింది, ఎక్కువగా సూచనలతో సరిపెట్టింది. కోటు రంగు తప్పిన సినిమా మాత్రం పొగ, దగ్గు, రక్తం, మందులకు లొంగని జబ్బు అన్నీ చూపించింది. రూపంలో ఎవరు దగ్గర, విషయంలో ఎవరు దగ్గర అన్నవి వేర్వేరు ప్రశ్నలని ఈ జంట చెబుతుంది. మాట్ ర్యాన్ పాత్ర తర్వాత ఇతర సీరియళ్లలో కొనసాగింది కాబట్టి ఆ ప్రయత్నం వృథా అనడానికీ లేదు.

1986-87లో 12 సంచికలుగా వచ్చిన 'వాచ్‌మెన్' ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2009లో జాక్ స్నైడర్ తీసిన సినిమా ముగింపులోని ముఖ్యమైన మలుపు మార్చినా, చాలా చోట్ల గీసిన బొమ్మలను దాదాపు అలాగే తెరకెక్కించింది. అయితే ఆ కామిక్ బలంలో సగం పేజీ అమరికది. ఐదో సంచికలో మొదటి పేజీకి చివరి పేజీ, రెండో పేజీకి దాని ముందుది అద్దంలో ప్రతిబింబాల్లా అమరి ఉంటాయి. కథ, పాత్రలు, సంభాషణలు మోసుకెళ్లవచ్చు గానీ ఈ అమరికను తెర మీదకు మోసుకెళ్లే మార్గం లేదు. పదేళ్ల తర్వాత డేమన్ లిండెలాఫ్ అదే పేరుతో తీసిన హెచ్‌బీఓ సీరియల్ పాత కథను మళ్లీ చెప్పనే లేదు. 1921లో టల్సాలో నల్లజాతీయుల మీద జరిగిన మారణకాండ నుంచి మొదలుపెట్టి, ముసుగు వేసుకున్నవాడి చేతిలో న్యాయం ఉంటే ఏమవుతుందన్న కామిక్ ప్రశ్నను అమెరికా జాతి చరిత్ర వైపు తిప్పింది. 11 ఎమ్మీ టీవీ అవార్డులు వచ్చాయి. బొమ్మను పట్టుకున్నదాని కంటే ప్రశ్నను పట్టుకున్నదే మూలానికి దగ్గరైందని వాదించడానికి ఇక్కడ చోటుంది.

విధేయత ఎప్పుడూ విఫలమవుతుందనీ కాదు. 2005లో వచ్చిన 'సిన్ సిటీ' కామిక్ చట్రాలనే షాట్లుగా వాడింది. రచయిత ఫ్రాంక్ మిల్లర్‌కు సహదర్శకుడిగా పేరు వేయడానికి నిబంధనలు ఒప్పుకోకపోతే రాబర్ట్ రోడ్రిగెజ్ దర్శకుల సంఘానికే రాజీనామా చేశాడు. నలుపు తెలుపుల నీడలే కథైన ఆ కామిక్‌కు ఆ పద్ధతి నప్పింది. అదే పద్ధతిలో 2014లో తీసిన రెండో భాగం వసూళ్లలో దెబ్బతింది.

## దూరం వెళ్లి నెగ్గినవి, దూరం వెళ్లి చెడినవి

దక్షిణ కొరియా దర్శకులు ఈ విషయంలో మంచి పాఠాలు ఇచ్చారు. పార్క్ చాన్-వుక్ 2003లో తీసిన 'ఓల్డ్‌బాయ్' ఒక జపాన్ మాంగా (అక్కడి కామిక్) ఆధారంగా వచ్చింది. కారణం తెలియకుండా ఏళ్ల తరబడి ఒక గదిలో బంధించి, చివరికి వదిలేసిన మనిషి అన్న ఊహను ఉంచుకుని, ఆ బందీకాలాన్ని 10 ఏళ్ల నుంచి 15కు పెంచి, కక్ష వెనకున్న రహస్యాన్ని పూర్తిగా మార్చేశాడు. 2004లో కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రి అందుకున్న సినిమా ఇది. బాంగ్ జూన్-హో 2013లో తీసిన 'స్నోపియర్సర్' ఒక ఫ్రెంచ్ కామిక్ నుంచి గడ్డకట్టిన భూమిని, ఆగని రైలును, పెట్టెల వారీ వర్గాలను తీసుకుంది. కామిక్‌లో చివరి పెట్టె నుంచి ఒంటరిగా తప్పించుకున్నవాడిని ముందుకు తీసుకెళతారు. సినిమాలో చివరి పెట్టె మొత్తం తిరగబడుతుంది. పారిపోవడం తిరుగుబాటుగా మారేసరికి కథ అర్థమే మారింది. మూల చిత్రకారుడు జాన్-మార్క్ రోషెట్ ఈ సినిమాలో కనిపించే బొమ్మలు స్వయంగా గీశాడు కాబట్టి, దూరం వెళ్లడం అంటే మూలకర్తతో తెగతెంపులనీ అనుకోనక్కర్లేదు.

ఎదురు వైపు 2003లో వచ్చిన 'ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్' ఉంది. అలన్ మూర్, కెవిన్ ఓనీల్ కామిక్‌లో జట్టును నడిపేది మినా అనే మహిళ. సాహసవీరుడు క్వార్టర్‌మెయిన్ నల్లమందుకు బానిసైన ముసలివాడు. సామ్రాజ్యపు వీరగాథల లోగుట్టు విప్పడమే దాని ఉద్దేశం. సినిమా నాయకత్వాన్ని షాన్ కానరీ పోషించిన క్వార్టర్‌మెయిన్‌కు అప్పగించి, మినాను రక్తపిశాచిని చేసి, టామ్ సాయర్ అనే అమెరికన్ కుర్రాణ్ని జట్టులో చేర్చింది. కామిక్ ఏ వీరగాథను ఎగతాళి చేసిందో సినిమా సరిగ్గా దాన్నే తీసింది. 2004 నాటి 'క్యాట్‌వుమన్'లో అయితే పేరు తప్ప ఏమీ మిగల్లేదు. కామిక్‌లో క్యాట్‌వుమన్ అయిన సెలీనా కైల్ లేదు, ఆమె ఊరు గోథమ్ లేదు, వాటి చోట సౌందర్య సాధనాల కంపెనీ కుట్ర. ఇలాంటివాటిని వెనకేసుకు వచ్చేవాళ్లు స్వేచ్ఛను కాకుండా బద్ధకాన్ని సమర్థిస్తున్నట్టు లెక్క.

## అభిమానుల కోపంలో ఎంత న్యాయం?

"పుస్తకం అల్మరాలో అలాగే ఉందిగా" అన్నది సినిమా పక్షాన తరచూ వినపడే మాట. సగమే నిజం. బ్యాట్‌మన్ లాంటి పాత్రకు కొన్నేళ్లకొకసారి కొత్త రూపం వస్తుంది. 1989 నాటి సినిమాకు మైకేల్ కీటన్ ఎంపికను వ్యతిరేకిస్తూ స్టూడియోకు 50 వేల దాకా ఉత్తరాలు వచ్చాయని చెబుతారు. ఆ సినిమా బ్యాట్‌మన్ అసలు మనిషైన బ్రూస్ వేన్ తల్లిదండ్రుల హంతకుడిగా జోకర్‌నే చూపించింది. అయినా పాత్రకు నష్టమేమీ జరగలేదు. ఒక రూపం నచ్చకపోతే మరొకటి ఉంటుంది. చిన్న కామిక్‌కు ఆ అదృష్టం లేదు. ఒక్కసారి తెరకెక్కితే లోకానికి తెలిసేది ఆ తెర రూపమే, మరో నిర్మాత పాతికేళ్ల దాకా అటు చూడడు. కాబట్టి దూరం వెళ్లే హక్కు అందరికీ ఒకే ధరకు రాదు. మూలం ఎంత చిన్నదైతే సినిమా మీద బాధ్యత అంత పెద్దది.

రచయితల బాధ మరోటి. హక్కులు తరచూ ప్రచురణ సంస్థవి. సూపర్‌మన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో ఆ పాత్ర హక్కులను 130 డాలర్లకు ఇచ్చేశారు. 'లీగ్' సినిమా మీద వేరే వాళ్లు వేసిన కాపీ దావాలో మూర్ వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత సినిమాల్లో తన పేరూ వద్దు, డబ్బూ వద్దన్నాడు. మూర్ రాసిన కామిక్ మీద తీసిన 'వి ఫర్ వెండెట్టా' సినిమాలో చిత్రకారుడు డేవిడ్ లాయిడ్ పేరే కనిపిస్తుంది. ఈ కోపం కథ మార్పుల మీద కంటే అడగకుండా మార్చే వ్యవస్థ మీద అనుకుంటే ఎక్కువ అర్థమవుతుంది.

ఇక వసూళ్లను చూపి సినిమాను సమర్థించడం ఎటూ తేలని వాదన. 23 కోట్ల డాలర్లు వచ్చాయన్నది జనం వచ్చారని చెబుతుంది, చాస్‌ను మార్చడం సరైనదని చెప్పదు.

అభిమానులు మరిచిపోయే సంగతీ ఒకటుంది. సూపర్‌మన్‌ను కుంగదీసే క్రిప్టొనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టి ఆ తర్వాతే కామిక్‌లోకి వచ్చింది. హార్లీ క్విన్ 1992లో బ్యాట్‌మన్ యానిమేషన్ సీరియల్ కోసం పుట్టిన పాత్ర. ఈనాడు మూలమని భక్తిగా చూసుకుంటున్న దాంట్లో కొంత భాగం ఒకప్పుడు ఎవరో తీసుకున్న స్వేచ్ఛే.

## సీక్వెల్ ముందున్న చిక్కు

'కాన్‌స్టంటీన్' రెండో భాగం వస్తే దానికి రెండు మూలాలు ఉంటాయి. సినిమా అభిమానులకు నల్లజుట్టు అమెరికన్ కావాలి, కామిక్ పాఠకులకు లండన్ కావాలి. మధ్యేమార్గంగా యాస మార్చడం, కోటు రంగు మార్చడం వంటివి చేస్తే ఇద్దరికీ దూరమవుతుంది. తేలిగ్గా సరిదిద్దదగినది ఒకటుంది. దగ్గరివాళ్లను పోగొట్టుకున్న అపరాధం. మొదటి భాగంలోనే చాస్ చనిపోయాడు, ఆ చావుకు లెక్క ఇంకా ఎవరూ అడగలేదు.

మరో అనుకూలత కాలం తెచ్చిపెట్టింది. కామిక్ వీరులు సాధారణంగా ముసలివాళ్లు కారు. 'హెల్‌బ్లేజర్' మాత్రం ఆ ఆనవాయితీని పక్కనపెట్టి కాన్‌స్టంటీన్‌కు 1953 పుట్టిన ఏడుగా ఇచ్చి, లోకంతో పాటే వయసు పెంచుకుంటూ పోయింది. 2013లో చివరి సంచిక వచ్చేసరికి అతను అరవైకి చేరువయ్యాడు. రీవ్స్ 1964లో పుట్టాడు. మొదటి సినిమా ఎన్నడూ అందుకోలేకపోయిన కామిక్ లక్షణాన్ని రెండోది మేకప్ అవసరం లేకుండానే అందుకోగలదు.